నాలుగు వేళ్ళ చట్టం

"తీరంలో చేపల సంరక్షణ ఇకమీదట మత్స్యకారుల చేతుల్లోనే!" అని మత్స్యశాఖ మంత్రి సూర్యప్రకాశరావుగారు అమలాపురం సభలో ప్రకటించారు. డెబ్భై ఎనిమిదిలో మాట. రాజోలు నుంచి పత్రికకు వార్తలు పంపేవాణ్ణి కనుక మొదట చప్పట్లు కొట్టింది నేనే.

వారంలో కమిటీ వేశారు. పదిమంది కొబ్బరితోటల ఆసాములు, ఒక రైసుమిల్లు ఓనరు. మత్స్యకారులు ఒక్కరూ లేరేమండీ అని అడిగాను.

"వాళ్ళు వేటకెళ్ళిపోతే కోరం ఉండద్దుటయ్యా?" అన్నారు మంత్రిగారు. ఏం ముందుచూపు!

నిజానికి పల్లిపాలెంలో చట్టం ఎప్పట్నుంచో ఉంది. గోదావరి సముద్రంలో కలిసే మొగ దగ్గర ఎవరు వల వెయ్యాలన్నా, ముందు పాలెం పెద్ద వీరాయమ్మ ఆ వల కంటిలో నాలుగు వేళ్ళు పెట్టి చూస్తుంది. దూరితే సరే, పిల్లచేప తప్పించుకుపోతుంది. దూరకపోతే వల ఒడ్డున పడాల్సిందే. ఆ ఏడు మంత్రిగారి బావమరిది అమ్మిరాజు దోమతెరలాంటి నైలాను వల తెచ్చి మొగకు అడ్డంగా కట్టాడు. పిల్లచేపలన్నీ ఎండి కోళ్ళఫారాలకు పోతున్నాయి. పాలెం వలలు ఖాళీగా వస్తున్నాయి. పొయ్యి వెలగని ఇళ్ళు నేనే చూశాను. వీరాయమ్మ అర్జీ పెట్టుకుంది.

మంత్రిగారు కమిటీతో సహా మొగకు వేంచేశారు.

"నాలుగు వేళ్ళా? భేష్! ఇదే చట్టం!"

"ఎవరి వేళ్ళండీ?" అన్నాడు మత్స్యశాఖ ఇన్‌స్పెక్టరు కృపానందం. "డిపార్ట్‌మెంటులో స్టాండర్డ్ వేళ్ళు లేవండి."

మంత్రిగారు త్యాగశీలి. తన చెయ్యే ఇచ్చారు. ఆ చేతికి మూడు ఉంగరాలు. పాలెం వలల్లో ఒక్కదాంట్లోనూ అది దూరలేదు. అన్నీ చట్టవిరుద్ధమని కమిటీ ఏకగ్రీవంగా తీర్మానించింది.

"మరి అమ్మిరాజుగారి వలండీ?" అంది వీరాయమ్మ.

కృపానందం రూల్సు తిరగేశాడు. "దాంట్లో ఒక్క వేలూ దూరదమ్మా. దూరనిదాన్ని కొలవలేం. కొలవలేనిది రూలు కిందికి రాదు."

ఈ నిష్పక్షపాతానికి నాకు కళ్ళు చెమర్చాయి.

వీరాయమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఆయ్, నిజమేనండి. అంత సన్నటి కంట్లో వేలెట్టడం మంత్రిగారి వల్ల మాత్రం ఏమవుద్దండీ!"

"ఎందుక్కాదు?" అని మంత్రిగారు ఒడ్డున ఉన్న వల కొసలో చిటికెనవేలు పెట్టారు. తిప్పి తిప్పి దూర్చారు. అది తిరిగి రాలేదు.

వేలు వంకాయరంగుకు తిరిగింది. ఇంతలో పోటు తగ్గి పాటు మొదలై నీళ్ళు సముద్రంలోకి లాగసాగాయి. వల కదిలింది. వలతో పాటు మంత్రిగారూ కదిలారు.

"కొయ్యండిరా!"

"బావగారూ, కొత్త వలండీ!" అన్నాడు అమ్మిరాజు.

"కొయ్యమంటుంటే!"

వీరాయమ్మ చేపలు కోసే కత్తిపీటతో పడవెక్కింది. ఎక్కడ కొయ్యాలో తెలియలేదు, పాపం. అవతలి ఒడ్డునుంచి మొదలెట్టింది.

"ఇటు! ఇటు!"

"ఆయ్, వచ్చేత్తన్నానండీ!"

ఆవిడ మంత్రిగారి దగ్గరికి చేరేసరికి వలలో మిగిలింది ఒక్క కన్నే.

"అక్రమ వలను దగ్గరుండి కోయించిన మంత్రి" అని మర్నాడు నా వార్త మొదటి పేజీలో వచ్చింది. స్టాండర్డ్ చెయ్యి కట్టులో ఉన్నందువల్ల పాలెం వలల మీద చర్య వాయిదా పడింది. నెల తిరక్కుండా వాటిలో మళ్ళీ చేప పడింది.

కమిటీ రిపోర్టు మొన్న నా కంటబడింది. యాభై పేజీలు. చివరి పేజీలో ఇలా ఉంది: స్థానిక మత్స్యకారుల భాగస్వామ్యం - కత్తిపీట ఒకటి.