అర్హత చెడగొట్టిన బొత్తాం

నాగరికతకు కొలబద్ద ఒక్కటే: అర్హత లేనివాళ్ళకు ఏమీ దక్కకుండా చూడగలగడం. ఆ కొలబద్దతో కొలిస్తే మా చూపు సంరక్షణ కార్యాలయం లోకంలోకెల్లా ముందు వరుసలో నిలుస్తుంది. (అక్కడ బల్లలు లేవు కనుక వెళ్ళినవాళ్ళం కూడా నిలిచే ఉంటాం.)

మనిషికి చూపు పోవడానికి కారణాలు అనేకం. కార్యాలయం వాటిని కిటికీలవారీగా సర్దింది. మొదటి కిటికీ శుక్లాలది. కంట్లో శుక్లం తీసేస్తే మనిషి మళ్ళీ చూస్తాడు, ఫోటోకు నవ్వుతాడు, ఆఫీసు గోడకెక్కుతాడు. అందుకని అక్కడ పని చకచకా సాగుతుంది. రెండోది షుగరువాళ్ళది. షుగరుంటే ఏటా కంటి వెనక పొర చూపించుకోవాలని పైన బోర్డుంది. కిటికీ మాత్రం మూసి ఉంటుంది, బోర్డు చదవగలిగినవాళ్ళకు అంత తొందరేమిటని. మూడోది నీటికాసులది, అంటే గ్లకోమాది. మా మేనత్త నిలబడింది అక్కడే.

అత్త దర్జీ. దారం కొస నోట్లో తడిపి ఒక్క పోటున సూదిలోకి ఎక్కించే మనిషి. అలాంటిది గుమ్మాలకు భుజం కొట్టుకోవడం, పక్కనుంచి వచ్చే సైకిళ్ళవాళ్ళను తిట్టడం ఎక్కువైంది. నేనే కంటి డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్ళాను.

"కంట్లో ఒత్తిడి పెరిగిందమ్మా" అందావిడ. "కంటి నరాన్ని తినేస్తోంది, ముందు పక్క చూపు పోతుంది. నొప్పుండదు, ఎదురుగా ఉన్నది చివరిదాకా బాగానే కనిపిస్తుంది. పోయిన చూపు తిరిగి రాదు. ఉన్నది నిలవాలంటే ఈ చుక్కలు రోజూ మానకుండా వేసుకోవాలి."

సీసా ధర వినగానే అత్తకు కళ్ళు తిరిగాయి. నేను కొనిస్తానంటే ఒప్పుకోలేదు.

"ఊరికే ఇచ్చే ఆఫీసుండగా నీ జేబుకి చిల్లెందుకురా? అంత పెద్ద చిల్లు నేను కూడా కుట్టలేను."

ఆఫీసు ఊరికే ఇస్తుంది, నిజమే. నియమం ఒక్కటే: చూపు పోయినట్లు రుజువైనవారికే చూపు నిలిపే మందు. (ఈ నియమం రాసినాయనకు పదోన్నతి వచ్చింది. ఇప్పుడు అగ్నిమాపక శాఖలో ఉండి, ఇల్లు పూర్తిగా కాలినవారికి నీళ్ళు పంపుతున్నాడు.)

అర్హతాధికారి మర్యాదస్థుడు. ఎదురుగా గోడకున్న అక్షరాల అట్ట చూపించాడు. అత్త కింది వరుసదాకా చదివి, ఇంకా ఊపు తగ్గక, అడుగున ఉన్న ప్రెస్సు పేరు కూడా చదివింది. అధికారి ముఖం వాడిపోయింది.

"సార్, ఈవిడకి పోతున్నది పక్క చూపు" అన్నాను. "డాక్టరమ్మ రాసిచ్చింది చూడండి."

"పక్కన చూడ్డానికి మా దగ్గర అట్ట లేదండీ. అయినా ఉండండి, మళ్ళీ పరిశీలించమని రాస్తాను" అని జాలిగా పెన్ను తీశాడు.

సరిగ్గా అప్పుడు అత్త కళ్ళు ఆయన చొక్కామీద పడ్డాయి. రెండో బొత్తాం ఒంటి దారానికి వేలాడుతోంది.

"అయ్యో, అది ఇవాళో రేపో ఊడుతుంది నాయనా. కదలకు."

నేను "అత్తా, అత్తా" అంటూనే ఉన్నాను. సంచీలోంచి సూది వచ్చింది, దారం ఒక్క పోటున దూరింది, బొత్తాం బిగిసింది. మిగిలిన దారం పంటితో కొరికేసింది.

"అబ్బ! ఎంత చెయ్యి తిరిగిన పనమ్మా!" అని అధికారి మనసారా మెచ్చుకుని ఇలా రాశాడు: "దరఖాస్తుదారు సూదిలో దారం ఎక్కించినది. చూపు సంపూర్ణం. తిరస్కరించడమైనది."

బయటికొస్తూ అత్త తలుపు రెక్కకు గుద్దుకుంది. "చూసి నడవండమ్మా" అన్నాడాయన వెనకనుంచి, ఆప్యాయంగానే.

నాకు ఒళ్ళు మండింది. "కాసేపు చేతులు కట్టుకుని నిలబడలేకపోయావా?"

"ఊడిపోయే బొత్తాం ఎదురుగా పెట్టుకుని ఎలా ఊరుకోమంటావురా!"

అప్పీలు చేశాం. పై కార్యాలయం దాన్ని క్షుణ్ణంగా పరిశీలించి అదే అట్ట దగ్గరికి పంపింది. అత్త అదే చదివింది. అబద్ధమాడవే తల్లీ అంటే, "కనిపిస్తున్నదాన్ని కనిపించట్లేదని ఎలా చెప్పనురా, కళ్ళు పోతాయి" అంది. నేను పోట్లాడి కొనిచ్చిన సీసాలు రోజు విడిచి రోజు వాడింది. మందు పొదుపైంది. నరం మాత్రం ఏ పొదుపూ పాటించలేదు.

మొన్న మళ్ళీ పిలుపొచ్చింది. నా చెయ్యి పట్టుకుని వచ్చి, అట్టకు ఎదురుగా నిలబడి, అత్త అడిగింది: "ఏదీ, అట్ట తీసేశారా నాయనా?"

గదిలో పండగ వాతావరణం నెలకొంది. అధికారి లేచి నిలబడ్డాడు. అడ్డూ ఆలస్యం లేకుండా ముద్ర వేసి, చుక్కల సీసా స్వయంగా అత్త చేతిలో పెట్టాడు. నా కళ్ళల్లో నీళ్ళు చూసి, కృతజ్ఞత అనుకున్నాడు.

"ఈసారి ఒక్క లోపం కూడా లేదమ్మా, అంతా సక్రమంగా ఉంది. అన్నట్టు, అప్పుడు మీరు కుట్టిన బొత్తాం రాయిలా ఉంది. దాని కిందిదే వదులైంది. ఒక్క నిమిషం, కాస్త కుట్టిపెడతారా?"

అత్త ఆ గొంతు వైపు తిరిగింది.

"కుట్టేదాన్నే నాయనా. ఇప్పుడు అర్హురాలినయ్యాను కదా."