కొత్తవాగు గాలికి ఇంగ్లిష్ పేరు

బోధన్ అవతల చెరకు తోటల మధ్య ఉన్న కొత్తవాగు గ్రామస్తులకు శుభవార్త. చాలాకాలంగా వారు పీలుస్తున్న దానికి తగిన ఇంగ్లిష్ నామవాచకం ఎట్టకేలకు లభించింది.

ఊరి పక్కనున్న ఇథనాల్ ఫ్యాక్టరీ చెరకు మడ్డి నుంచి ఇంధనం తీసి, మిగిలిన నల్లటి నీళ్లను ఒక పెద్ద గుంటలో నిలవ చేస్తుంది. గుంటకు మూత లేదు. గ్రామస్తులు ఇచ్చిన ఫిర్యాదులో "కంపు" అని ఉంది. ఆ మాట దగ్గర ఫైలు ఆగిపోయింది. నిబంధనలు ఇంగ్లిష్‌లో ఉంటాయి కనుక, గాలి కూడా ఇంగ్లిష్‌లోకి వస్తే తప్ప వాటి కిందికి రాదు. "స్టెంచ్" అయితే గుంటకు వెంటనే మూత వేయించాలి. "ఓడర్" అయితే పరిశీలనలో ఉంచాలి. "స్మెల్" అయితే ప్రకృతి ధర్మం, ఎవరూ బాధ్యులు కారు. ఈ సున్నితమైన తేడాలు తేల్చడానికి ఒక సమితి ఏర్పడింది. అధ్యక్షులు రాజేశ్వర్ గారు, ఉన్నతాధికారి. భాషా నిపుణులు శాంతి కుమార్ గారు, నిజామాబాద్‌లో ఇంగ్లిష్ లెక్చరర్.

సమితి నిర్ణయం కోసం అందరికంటే ఆత్రంగా ఎదురుచూసింది హెప్సిబా. దేవదాస్, ఎస్తర్‌ల ఒక్కగానొక్క కూతురు. తొలి కాన్పుకు బాల్కొండ నుంచి పుట్టింటికి వచ్చింది. గాలి గుంట వైపు నుంచి తిరిగినప్పుడల్లా తిన్నదంతా కక్కేస్తోంది. కడుపులో బిడ్డ ఎదగడం లేదని ఆసుపత్రిలో నర్సు గట్టిగానే హెచ్చరించింది. గుంటకు మూత పడకపోతే పిల్లను తిరిగి అత్తగారింటికి పంపాలి. తొలి కాన్పు తన ఇంట్లో చేయలేకపోతే ఎస్తర్‌కు వియ్యపురాలి ముందు తల ఎత్తుకునే దారి లేదు.

"జర ఓర్సుకో బిడ్డా. సార్లు మాట దేవులాడుతుండ్రట," అన్నాడు దేవదాస్.

"మాట దొరికేదాంక నేనేం తినాలె బాపూ?"

ఈ ప్రశ్న సమితి పరిధిలోకి రాదు.

మొదటి సమావేశం నిజామాబాద్‌లో, ఏసీ హాల్లో, తలుపులు బిగించి జరిగింది. శాంతి కుమార్ గారు ప్రసంగించారు. "మిత్రులారా, తెలుగువాడికి తొందర ఎక్కువ. ముక్కుకు తగలగానే కంపు అంటాడు. ఇంగ్లిష్ ఆగుతుంది, ఆలోచిస్తుంది. స్మెల్ అంటే ఉన్నదని చెప్పడం. ఓడర్ అంటే ఉన్నదని మర్యాదగా చెప్పడం. స్టెంచ్ అంటే ఉన్నదని చెబుతూ ఎవరో ఒకరి వైపు చూడటం. మనం ఎవరి వైపు చూడాలి?"

ఫ్యాక్టరీ యజమాని ముందు వరుసలోనే కూర్చుని ఉన్నారు. అందువల్ల అందరూ టేబుల్ వైపు చూశారు. విరామంలో ఆ యజమాని, కమ్మని వాసనకు "అరోమా" అనే మాట కూడా ఒకటుందని గుర్తు చేశారు. గుంట గురించి కాదు, చేతిలో ఉన్న కాఫీ గురించి.

ఆ తర్వాత సమితి స్వయంగా ఊరికి వెళ్లి వాసన చూడాలని తీర్మానించింది. తేదీ ముందే తెలియజేసింది. అది మర్యాద. కొత్తవాగుకు కూడా మర్యాద తెలుసు. పెద్దమనుషులు వస్తే ఆ ఊళ్లో సువాసన కోసం ఇంటింటా ఊదు పొగ వేస్తారు. దేవదాస్ పొరుగింటి గంగవ్వ పొద్దున్నే వాకిలి అలికి, దోసెడు ఊదు తెచ్చి ఎస్తర్ చేతిలో పోసింది.

"సార్లు ముక్కుకు దస్తీ అడ్డం బెట్టుకొని కూసుంటే మన ఇజ్జత్ ఏంగావాలె ఎస్తరక్కా? నువ్వు గూడ ఎయ్యి."

ఎస్తర్ నిప్పుల మీద ఊదు వేసింది. క్రిస్మస్‌కు దాచిన అత్తరు సీసా కూడా తీసింది.

"అవ్వా, గా ఊదు ఆర్పే!" అంది హెప్సిబా తల్లితో. "సార్లకు తెల్వొద్దా?"

"ఆర్పితే మనింట్లకెల్లే వస్తుందనుకుంటరే."

"మనింట్లకెల్లి గాదు గదా!"

"గది నాకెర్క, నీకెర్క. ఒచ్చెటోళ్లకు ఎర్కనా?"

మనసు పనిచేసే తీరు తెలిసినవారికి ఇందులో వింతేమీ లేదు. ఎవరో పోసిన మురికి పక్కన చాలాకాలం బతికిన మనిషికి, అది తన ఒంట్లోంచే వస్తోందన్న అనుమానం మొదలవుతుంది. అప్పుడతను మురికిని వదిలేసి తనను తాను కడుక్కుంటాడు. ఈ పద్ధతిలో ప్రభుత్వానికి ఖర్చు కూడా తక్కువ.

సమితి కారు దిగింది. రాజేశ్వర్ గారు గుండెల నిండా గాలి పీల్చి, కళ్లు మూసుకున్నారు. "ఇంత హాయిగా ఉంటే ఫిర్యాదు దేనికమ్మా?"

"మీ దయ సారూ," అంది గంగవ్వ.

హెప్సిబా గుమ్మం పట్టుకుని ముందుకు వచ్చింది. "సారూ, గిది ఊదు సారూ. చెప్పకుంట ఒక్కనాడు రండ్రి..." అంతలో గాలి తిరిగింది. ఆమె వాకిట్లోనే కక్కుకుంది. "గర్భిణులకు సహజం," అన్నారు శాంతి కుమార్ గారు, భాష పరిధి దాటి. ఎస్తర్ సిగ్గుతో కూతురిని లోపలికి లాగి, అతిథులకు ఇంకో చిటికెడు ఊదు వేసింది.

సమితి ఏకగ్రీవంగా "అరోమా" అని నిర్ణయించింది. అరోమాకు మూత వేయాలని ఏ నిబంధనా లేదు. పైగా పక్క ఊళ్లకు అన్యాయం జరగకుండా రెండో గుంటకు కూడా అనుమతి లభించింది. యజమానికి శాలువా కప్పారు. గంగవ్వ చప్పట్లు కొట్టింది.

మరుసటి వారం దేవదాస్ కూతురిని బాల్కొండలో దించి వచ్చాడు. అత్త విమలమ్మ గడప దగ్గరే ఒక్కసారి ముక్కు ఎగపీల్చి, ఏ నిపుణుడినీ సంప్రదించకుండా "గబ్బు" అంది. అంటూ కోడలి వైపే చూసింది. ఆమె చీరలను వేరే బకెట్‌లో నానబెట్టించింది. అయినా అక్కడ హెప్సిబాకు అన్నం సయించింది. నెలలు నిండాక ఆడపిల్ల క్షేమంగా పుట్టింది.

కబురు అందగానే ఎస్తర్ కొత్త చీర కట్టుకుని పరుగున వచ్చి, మనవరాలి కోసం చేతులు చాచింది. హెప్సిబా బిడ్డను ఇంకొంచెం దగ్గరికి లాక్కుంది.

"మొదాలు తానం జేసి రా అవ్వా. పసిపిల్ల."

"జేసే ఒచ్చిన్నే."

"మల్లొక్కపారి జెయ్యి."

ఎస్తర్ గడప బయటికి వెళ్లి, ఎవరూ చూడకుండా కొంగు ముక్కుకు ఆనించుకుంది. ఏ వాసనా తెలియలేదు.

నమ్మకం లేని పాఠకులు తమ కొంగులు, చొక్కా చేతులు పరీక్షించుకోవచ్చు. అందరికీ అదే ఫలితం వస్తుంది.