పక్కింటి హాల్లో వాన

రోహిణీ కార్తెలో, గుంటూరు రోడ్లు పెనంలా కాలిపోతున్న రోజుల్లో కూడా, పక్కవాటా హైమవతి హాల్లో సాయంత్రం నాలుగింటికల్లా వాన మొదలయ్యేది. ఇందులో వింతపడ్డవాళ్లు లేరు. అక్వేరియంలో పెంచే మీసాల జెల్ల చేపలు వానాకాలం వచ్చిందని నమ్మితే తప్ప గుడ్లు పెట్టవు కనక, వాటిని పెంచే ఇళ్లకు గృహమత్స్య శాఖవారు ఇంటి లోపల వాన మంజూరు చేస్తారు. తొట్టెలో పిల్లలు కనబడగానే ఆపేస్తారు. తడికి నాని పెచ్చులూడే గోడలకు శాఖ బాధ్యత వహించదు.

ఇందుమతికీ తొట్టె ఉంది. శాఖ చెప్పిన ప్రకారమే ఒక ఆడజెల్ల, రెండు మగజెల్లలు ఉన్నాయి. వానే లేదు. నాలుగయ్యేసరికి గోడకి ఇవతల బియ్యం ఏరుకుంటూ కూర్చుని, అవతల చినుకుల చప్పుడు వినేది. చినుకుల మధ్య హైమవతి మొగుడు ప్రభాకరం గొంతు. లిఫ్టులో ఎదురైతే నోరు విప్పని మనిషి, వానలో మాత్రం తెగ మాట్లాడేవాడు. అవేమంత గొప్ప మాటలు కావు. "ఇంకో నాలుగు వెయ్యవే, అల్లం కాస్త తగిలించు" లాంటివే. అయినా ఇందుమతి చేతిలో చేట ఆగిపోయేది.

ఒకరోజు మెట్ల దగ్గర హైమవతి తడిజుట్టు తుడుచుకుంటూ ఎదురైంది.

"ఏం చెప్పను ఇందుమతీ, శివరాత్రి నించీ ఇదే వాన. సోఫా బూజు పట్టిపోయింది. మీరే నయం."

"అవునొదినా, ఎండలో చల్లగా ఉన్నాం," అంది ఇందుమతి. "అయితే మీవి ఇంకా గుడ్లు పెట్టలేదా?"

"ఎక్కడ! పెడుతున్నట్టే ఉంటాయి."

మర్నాడే ఇందుమతి దరఖాస్తు పెట్టింది. వాన ఇన్‌స్పెక్టర్ సత్యానందం గొడుగు చంకన పెట్టుకుని వచ్చాడు. తొట్టె వైపు చూడనే లేదు.

"చేపలకేం లోటు లేదమ్మా. ఇల్లే చూడాలి. వానాకాలం వచ్చిందా లేదా అన్నది జెల్లలు నీళ్లని బట్టి నమ్మవు, అద్దంలోంచి మిమ్మల్ని చూసి నమ్ముతాయి." ఫోను చూసుకుంటున్న శేషగిరి వైపు తిరిగాడు. "వాన పడితే ఏం చేస్తారండీ?"

"బండికి కవర్ కప్పుతా," అన్నాడు ఇందుమతి మొగుడు, తలెత్తకుండా.

"ఆ తర్వాత?"

"తర్వాతేముంది? మోటారు స్విచ్చి తడవకుండా చూస్తా."

'గృహం వర్షయోగ్యం కాదు' అని ముద్ర వేసి సత్యానందం లేచాడు. ఇందుమతి గుమ్మం దాకా వెళ్లింది.

"పక్కవాళ్లేం చెప్పారండీ?"

"చెప్పకూడదమ్మా. కిటికీ దగ్గర రెండు కుర్చీలు వేస్తామన్నారు. పక్కపక్కనేనా అనడిగితే, ప్రభాకరంగారు 'మరి?' అన్నారు."

ఆ 'మరి' ఇందుమతికి పచ్చిమిరపకాయలా తగిలింది. ఆ పూట పప్పు మాడింది.

"ఏవండీ, సాయంత్రం పూట రెండు కుర్చీలు వెయ్యలేరా?"

"చేపల కోసమా?"

"చేపల కోసమే."

"చేపల కోసమైతే సరే."

రిహార్సల్ మొదలైంది. ఆమె బజ్జీలు వేసింది. అతను కుర్చీలు జరిపి, ఏం మాట్లాడాలని అడిగాడు. చిన్నప్పటి వాన గురించి చెప్పమంది. బడి నుంచి వస్తూ పలకను నెత్తిన పెట్టుకుంటే, రాసిన లెక్కలన్నీ కరిగి చెంపల మీదకి కారాయట. కాపురానికొచ్చి ఇన్నేళ్లయినా ఆమె ఈ సంగతి వినలేదు.

రెండోసారి ఇల్లు పాసయింది. వాన పడింది. ఇద్దరూ ఒకే గొడుగు కింద, పక్కపక్కనే. వారం తిరక్కుండానే తొట్టె అద్దానికి సగ్గుబియ్యం గింజల్లా గుడ్లు అంటుకున్నాయి.

గుడ్లు కనబడగానే పెద్దచేపల్ని తీసి వేరే తొట్టెలో వెయ్యాలి. లేకపోతే తమ గుడ్లు తామే తినేస్తాయి. శాఖవారు ఈ మాట మరీ మరీ చెప్పారు. ఇందుమతి బకెట్టు, వల తెచ్చుకుంది. వలను నీళ్లలో ముంచబోతుంటే వెనక నుంచి పిలుపు.

"ఇందూ, ఇలా రా. పలక చూసి మా అమ్మ ఏమందో చెప్పనేలేదు నీకు."

గుడ్లు పిల్లలైతే వాన ఆగుతుంది. వాన ఆగితే కుర్చీలు ఎక్కడివక్కడికి పోతాయి. శివరాత్రి నించీ వాన పడుతున్నా హైమవతి తొట్టెలో ఒక్క పిల్ల కూడా ఎందుకు లేదో ఇందుమతికి అప్పుడు తెలిసింది. వలను తిరిగి మేకుకి తగిలించి, వెళ్లి కుర్చీలో కూర్చుంది.

తెల్లారేసరికి అద్దం శుభ్రంగా ఉంది. జెల్లలు కడుపు నిండి, అడుగున ఇసుకలో మీసాలు కదుపుతూ పడుకున్నాయి.

మెట్ల దగ్గర హైమవతి అడిగింది. "పెట్టాయా?"

"ఎక్కడొదినా! పెడుతున్నట్టే ఉంటాయి."

హైమవతి నవ్వు ఆపుకుంటూ తడిజుట్టు ముడేసుకుంది.

"సోఫా మీద కప్పే ప్లాస్టిక్ షీటు ఇంకోటుంది మా ఇంట్లో. పంపిస్తాలే," అంది.

జెల్లలు ఎందుకు పెరగడం లేదో అంతుపట్టక శాఖవారు ఆ వీధి మొత్తానికీ వాన పొడిగించారు. నాలుగింటికి రెండు వాటాల్లోనూ ఒకేసారి మొదలైంది. శేషగిరి గొడుగు తేవడానికి వెళ్లగానే ఇందుమతి గోడకి చెవి ఆనించి విన్నది. వాళ్లింట్లో కాస్త గట్టిగానే పడుతున్నట్టుంది.