ఆశించినది, వచ్చినది

శంషాబాద్‌లో క్యాబ్‌లు పంపే ఒక యాప్ కంపెనీలో, యాప్‌కు పెట్టే పరీక్ష తప్పినప్పుడు కంప్యూటరు ఇచ్చే సందేశాలు ఇకమీదట మనుషులు చదవగలిగేలా ఉండాలని మేనేజరు భీమశంకరరావు గారు ఉత్తర్వు జారీ చేశారు. అంతవరకూ అది బ్రాకెట్లూ చుక్కలూ కలిపి ఏదో గొణిగేది. తప్పేమిటో ఎవరికీ తెలిసేది కాదు కనుక అందరూ హాయిగా ఉండేవారు.

ఆ పని కొత్తగా చేరిన సింధూర నెత్తిన పడింది. పాపం, ఆమె ప్రొబేషన్ ఆ నెలాఖరుతో పూర్తవుతుంది. పరీక్షలన్నీ నెగ్గి యాప్ విడుదలైతే ఉద్యోగం ఖాయం చేస్తామన్నారు. వాళ్లమ్మ వరలక్ష్మి అప్పుడే చుట్టాలందరికీ చెప్పేసింది కూడా.

సింధూర శుభ్రంగా రాసింది: "ఆశించినది: 5 నిమిషాలు. వచ్చినది: 40 నిమిషాలు." క్యాబ్ ఐదు నిమిషాల్లో రావాలి, నలభైకి వస్తోందని అర్థం. భీమశంకరరావు గారు నొచ్చుకున్నారు. అంకెల్లో మానవత్వం లేదన్నారు. భాషా నిపుణుడిగా క్యాబ్ డ్రైవర్ మహేష్‌ను పిలిపించి శాలువా కప్పారు.

"నిమిషాలు చెప్తే పబ్లిక్ పరేషాన్ అయితరు సార్. ఐదైనా నలభై అయినా మేం ఒక్కటే చెప్తం. దగ్గర్లనే ఉన్న అన్నా, వస్తున్న," అన్నాడు మహేష్.

ఒక కమిటీ వేసి దాన్నే ప్రమాణంగా స్వీకరించారు. మర్నాడు పరీక్ష మళ్లీ తప్పింది. "ఆశించినది: దగ్గర్లనే ఉన్న. వచ్చినది: దగ్గర్లనే ఉన్న." రెండూ ఒకటే అయినప్పుడు తప్పిందని ఎలా అంటుందని కమిటీ మొత్తం కంప్యూటరు మీద విరుచుకుపడింది. సింధూరకు ఒళ్లు మండి, తెగించి అంకెలు తిరిగి పెట్టేసింది.

ఈసారి భీమశంకరరావు గారు కళ్లజోడు సవరించుకుని చదివారు. ముఖం వెలిగిపోయింది.

"చూశారా, చదవగలిగేలా రాస్తే లోపం ఇట్టే దొరికింది. అది నలభైలో లేదు, ఐదులో ఉంది. మనమే అత్యాశకు పోయాం. దిద్దెయ్యమ్మా," అన్నారు.

ఉద్యోగం కళ్ల ముందు కదలాడింది. సింధూర దిద్దేసింది. ఆశించినది నలభై, వచ్చినది నలభై. పరీక్ష నెగ్గింది, యాప్ విడుదలైంది. విమానం తప్పిపోయిందని మొత్తుకున్న ప్రయాణికులకు, అంతా ఆశించిన ప్రకారమే జరిగిందని మర్యాదగా జవాబులు వెళ్లాయి.

నెలాఖరున భీమశంకరరావు గారు సింధూరను పిలిచి, ఆమె పనితనాన్ని నోరారా మెచ్చుకుని, ప్రొబేషన్‌ను ఇంకో ఏడాది పొడిగించారు.

గదిలోంచి బయటికి వస్తూనే ఆమెకు ఏడుపు తన్నుకొచ్చింది. అంతలో వరలక్ష్మి ఫోను. మనం ఆశించింది వచ్చిందా అని అడిగింది.

సింధూర కళ్లు తుడుచుకుంది. ఈ పనిలో ఇప్పుడామెకు చేయి తిరిగింది.

"మనం ఆశించింది ఇంకో ఏడాది ప్రొబేషనే కదమ్మా. అదే వచ్చింది."