అత్తగారు కనబడటం లేదు

ఆ ఉదయం కోడలు వేసుకున్న పథకం చిన్నదే. తను రాసిన ప్రోగ్రామ్‌ను ఇంటి నుంచే లాండ్రీ యజమానురాలికి చూపించాలి, ఆవిడ చేత సరేననిపించుకోవాలి. ఆవిడ పెదవి విరిస్తే కొత్త ఉద్యోగం గోవిందా.

"పేరు చూస్తే పని తెలియాలి" అన్నది ఆఫీసు నియమం. అందుకే తెచ్చిన బట్టలన్నీ తిరిగి వెళుతున్నాయా, మరకలు పోయాయా అని ఆరా తీసే భాగానికి కోడలు 'అత్తగారు' అని పేరు పెట్టింది. ఆ పేరు రాసి పక్కన బ్రాకెట్లు పెడితే చాలు, పిలిచినట్టే. వచ్చి అన్నీ తనిఖీ చేసి పోతుంది.

పైఅధికారి ఫోన్ చేశాడు. "ఆ పేరేంటమ్మా! బయటివాళ్లు చూస్తే నవ్విపోతారు. మార్చెయ్."

కంగారులో కోడలు ఆ భాగం రాసిన చోట పేరు మార్చింది, దాన్ని పిలిచే చోట్ల మార్చడం మరిచింది. పాత పేరుతో పిలిస్తే ఎవరూ దొరక్క ప్రోగ్రామ్ కాస్తా మొరాయించింది. వెంటనే పైఅధికారికి సందేశం కొట్టింది: "అత్తగారు కనబడటం లేదు. ఎంత పిలిచినా జవాబు లేదు. పనంతా ఆగిపోయింది." అది వెళ్లింది మాత్రం ఇంటివాళ్ల గ్రూపులోకి.

కూరగాయలకు వెళ్లిన అత్తగారు ఫోన్ ఎప్పటిలాగే ఇంట్లో వదిలేశారు. కొడుకు ఆఫీసు నుంచి పరుగెత్తుకొచ్చాడు. ముందు గదిలోని మామగారు ఒక కాలికి తన చెప్పు, రెండో కాలికి కోడలి చెప్పు తగిలించుకుని వీధిన పడ్డారు. చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకున్న కోడలికి ఇదేమీ తెలియదు.

సంచితో తిరిగొస్తున్న అత్తగారు వీధి మొదట్లో గుంపును చూసి, తెలియని ఒకావిడను అడిగారు. "ఏమైందండీ?"

"ఎవరో పెద్దావిడ కనబడటం లేదట. కోడలు ఎంత పిలిచినా పలకలేదట."

"పాపం! ఆ కోడలు ఎన్నేసి మాటలందో!" అంటూ అత్తగారూ వెతకడం మొదలుపెట్టారు.

కాళ్లు పీకి ఆవిడ ఇల్లు చేరేసరికి, తెర మీది యజమానురాలి ముందు కోడలు నీళ్లు నములుతోంది. వెనకాలే వచ్చిన కొడుకు "అమ్మా! ఎక్కడికి పోయావే!" అని బావురుమన్నాడు.

తన సందేశం ఎక్కడికి వెళ్లిందో అప్పుడు తెలిసిన కోడలు, ఇక దాచి లాభం లేదని ఉన్నదంతా చెప్పేసింది. యజమానురాలు పడీపడీ నవ్వింది.

"అంటే అత్తగారు చూసి సరేనంటేనే బట్ట గడప దాటుతుందా?"

"అవునండీ."

"అయితే ఆ పేరు మార్చారంటే ఊరుకోను. నా కొట్టుకు కావలసింది ఆవిడే!"

పాత పేరు తిరిగి పెట్టగానే ప్రోగ్రామ్ లేచి కూర్చుంది, ఉద్యోగమూ నిలబడింది. అత్తగారు నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడ్డారు.

"నన్నో మాట అడగకుండానే?"

"తప్పయిపోయింది అత్తయ్యా."

"సర్లే. నేను లేకపోతే పనంతా ఆగిపోయిందన్నావుగా, ఆ ముక్క ఇంకోసారి గట్టిగా చెప్పు. మీ మామయ్యకు వినపడాలి."

గుమ్మంలోకి వచ్చిన మామగారు చెప్పులు విప్పుతూ ఆశగా తలెత్తారు. "నా పేరుతో ఏమీ లేదా అమ్మా?"

"ఎందుకు లేదు మామయ్యా, ఎప్పుడో రాసి పెట్టాను. ఇంతవరకూ పిలవాల్సిన అవసరమే రాలేదు."