బంగారు అంచు కార్డు

గుణదలలో వినీల వీడియో మిక్సింగ్ గదిలోకి పొద్దున్నే కొండ మీది గంట చప్పుడు, చల్లగాలి కలిసి వస్తాయి. ఊరివాళ్ళ పాత పండగలను తెర మీద చూస్తూ ఆమె అలా కలల్లోకి జారిపోతూ ఉంటుంది. ఆ రోజు పని చిన్నదే. కంకిపాడులో శౌరయ్య, దానమ్మల పెళ్ళికి యాభై ఏళ్ళు. పాతికేళ్ళనాటి క్యాసెట్‌లోని వీడియోను శుభ్రం చేసి, పన్నెండింటికి భోజనాల ముందు తెర మీద వెయ్యాలి. అందులో పన్నెండు సెకన్లు దానమ్మ చెల్లెలు శౌరమ్మ నవ్వుతుంది. ఆమె పోయి ఇరవయ్యేళ్ళు. ఇంట్లో ఆమె ఫొటో ఒక్కటి కూడా లేదు.

కంప్యూటర్‌లో బొమ్మల పని చూసే పాత గ్రాఫిక్స్ కార్డుకు అప్పగిస్తే పది నిమిషాల్లో వీడియో తయారైంది. కానీ శౌరమ్మ ముఖం గళ్ళ లుంగీలా వచ్చింది. ప్రాసెసర్‌కు అప్పగిస్తే ముఖం నిండుగా వస్తుంది, కాకపోతే మూడు గంటలు పడుతుంది. వేగమూ, ముఖమూ రెండూ ఇచ్చే కొత్త కార్డు కొరియర్‌లో ఉంది.

ఎనిమిదింటికి దానమ్మ ఫోన్ చేసింది. "బయల్దేరావామ్మా?"

"కార్డు రాలేదండీ. అదొస్తేగానీ నేను కదల్లేను."

దానమ్మ నాలుక కరుచుకుంది. పిల్లకి శుభలేఖ కార్డు ఇవ్వలేదా! భర్త మీద విరుచుకుపడింది. అయిదు నిమిషాల్లో శౌరయ్య ఫోన్.

"మనసులో పెట్టుకోకమ్మా. కార్డు నేనే తెస్తున్నా."

కొరియర్ దారి తప్పి కంకిపాడు చేరిందనుకుంది వినీల. "మీ దగ్గరుందా! ఎలాంటిదండీ?"

"బంగారు అంచుదమ్మా!"

నిజమే, కార్డు కింది అంచుకు బంగారు పూత ఉంటుంది. పెద్దాయనకు ఎంత తెలుసో అని ఆమె మురిసిపోయింది. కంప్యూటర్ విప్పి, పాత కార్డు పీకేసి, స్క్రూడ్రైవర్ పట్టుకుని శౌరమ్మ నవ్వు తలుచుకుంటూ కూర్చుంది.

పదింటికి శౌరయ్య డజను అరటిపళ్ళతో వచ్చి, కార్డు రెండు చేతులా అందించాడు. "కుటుంబ సమేతంగా రావాలమ్మా."

వినీల కార్డునూ, కంప్యూటర్‌లో కార్డు బిగించే ఖాళీ స్లాటునూ మార్చి మార్చి చూసింది. "దీన్నెక్కడ పెట్టనండీ?"

"ప్రభువు పటం దగ్గర పెట్టమ్మా."

సంగతి తెలిశాక ఆయన కుర్చీలో కూలబడ్డాడు. "పాతది మళ్ళీ బిగించేస్తే పది నిమిషాలండీ," అంది వినీల, "ముఖం మాత్రం కనబడదు."

"ముఖం లేకపోతే దానమ్మకి ఏం చూపించను? ప్రాసెసర్‌కే ఇచ్చెయ్యి. నేను లేకుండా భోజనాలెలా మొదలెడతారు?"

ఎండ ఎక్కేసరికి ప్రాసెసర్ వేడెక్కి నత్తనడక పట్టింది. శౌరయ్య ఆ శుభలేఖతోనే విసరడం మొదలుపెట్టాడు. విసిరితే కాస్త కదిలేది, ఆపితే మందగించేది. కంకిపాడు నుంచి ఫోన్ మోగుతూనే ఉంది. మూడు గంటల పనికి నాలుగు గంటలు పట్టింది.

మూడింటికి కంకిపాడులో చుట్టాలంతా ఆకలితో, కోపంతో ఉన్నారు. దీపాలు ఆర్పారు. తెర మీద శౌరమ్మ జడ ముందుకేసుకుని, ఇటు తిరిగి నవ్వింది. కంటి పక్క పుట్టుమచ్చ కూడా కనబడింది.

"మళ్ళీ వెయ్యమ్మా," అంది దానమ్మ ఏడుస్తూ. ఎనిమిదిసార్లు వేసింది వినీల. బిర్యానీ ఊసు ఎవరూ ఎత్తలేదు.

కొత్త కార్డు మర్నాడు వచ్చింది, బాగానే పనిచేస్తోంది. బంగారు అంచు కార్డునూ వినీల కంప్యూటర్ పక్కనే ఉంచుకుంది, ఎండలు ముదురుతున్నాయి గదా.