నాలుగో గడి

తలనొప్పి వచ్చిన సమయానికి ఇంట్లో ఎవరెవరు ఉన్నారో రాయకపోతే ఆ తలనొప్పి చెల్లదు. ఇది ఊరి ఆరోగ్య కేంద్రం నియమం. కాబట్టి ఆ గురువారం ఉదయం ఇంట్లో ఉన్నవాళ్ళు: నానమ్మ, అమ్మ, వారం రోజులకని పుట్టింటికి వచ్చి నాలుగు నెలలుగా ఉంటున్న ఇతిదాల్ అత్త, జల్లెడ అడగడానికి వచ్చిన పక్కింటి ఉమ్మ్ వాయిల్, మిద్దె మీద పదకొండు పావురాలు. నాన్న కూడా ఉన్నాడు గానీ నిద్రపోతున్నాడు (నిద్రలో ఉన్నవాళ్ళను లెక్కలోకి తీసుకోవాలో లేదో నియమాల్లో లేదు).

తల మాత్రం హనాదిది.

హనాదికి పదిహేనేళ్ళు. నెలకు రెండుసార్లు ఆమె తలలో కుడి సగం వేరు కాపురం పెట్టేది. ముందు కళ్ళెదుట మెరుపు గీతలు, తర్వాత వాంతి, ఆ తర్వాత సుత్తి దెబ్బలు. నిరుడు తొమ్మిదో తరగతి సర్టిఫికెట్ పరీక్షలో లెక్కల కాగితం సగమే కనిపించింది. కనిపించిన సగమంతా ఒప్పే రాసింది. దస్తూరి వంకరగా ఉందని అందులో ఒక మార్కు తగ్గించారు, పరీక్ష పోయింది. ఈ ఏడు కూడా పోతే ఇక పట్నంలో హైస్కూలు లేదు, మిద్దె మీద పావురాలే. పరీక్షకు నలభై అయిదు రోజులుంది.

మాత్రలు ఆరోగ్య కేంద్రంలో ఉన్నాయి. వాటికీ హనాదికీ మధ్య గుమాస్తా ఉస్తాద్ శౌకీ ఉన్నాడు. ఆయన పేజీ పేజీకీ ముద్ర కొట్టిన ముప్పై పేజీల పుస్తకం ఆమె చేతిలో పెట్టాడు.

"రోజుకో పేజీ. మొదటి గడిలో తేదీ, రెండో గడిలో నొప్పి ఏ పక్క, మూడో గడిలో ఏం తిన్నావు, నాలుగో గడిలో ఇంట్లో ఎవరెవరున్నారు. గడి దాటి రాయకూడదు. ముప్పై రోజులయ్యాక తెస్తే డాక్టరు చూసి మాత్రలు రాస్తాడు."

"డాక్టరుగారు ఇప్పుడు లోపలే ఉన్నారు కదా, ఉస్తాద్," అంది హనాది తలెత్తకుండా, తన చెప్పులతో చెబుతున్నట్టు.

"ఉన్నాడు. పుస్తకం లేకుండా నీ తలనొప్పి గురించి నీకేం తెలుసని చెబుతావమ్మాయ్?"

ఇంట్లో నానమ్మకు చదువు రాదు. పుస్తకం మొత్తం హనాది చేత చదివించుకుంది. నాలుగో గడి దగ్గర జపమాల తిప్పడం ఆపింది.

"మళ్ళీ చదువు."

"ఇంట్లో ఎవరెవరున్నారు."

"విన్నావా ఇతిదాల్. యాభై ఏళ్ళుగా దిష్టి దిష్టి అని నేను మొత్తుకుంటే నవ్వారు. ఇప్పుడు సర్కారే పేర్లడుగుతోంది. దిష్టి కోసం కాకపోతే మనింట్లో ఎవరున్నారో డాక్టరుకెందుకే?"

(ఎందుకో ఉస్తాద్ శౌకీకీ తెలియదు.)

గురువారం నొప్పి రాగానే నానమ్మ ఆనాటి పేజీ చింపి మనిషి బొమ్మలా కత్తిరించింది. నాలుగో గడిలోని పేర్లు ఒక్కొక్కటీ హనాది చేతే చదివిస్తూ, దిష్టి పోవాలని పేరుకో పోటు చొప్పున బొమ్మను సూదితో గుచ్చింది.

"నన్నెందుకే గుచ్చడం? నేను ఇంటిదాన్నే కదా," అంది ఇతిదాల్ అత్త.

"వారానికని వచ్చావు. చుట్టానివో ఇంటిదానివో ముందు నువ్వే తేల్చుకో," అని నానమ్మ ఇంకో పోటు పొడిచింది.

బొమ్మను నిప్పుల మూకుడులో వేసి, పైన పటికా సాంబ్రాణీ పోసి, ఆ పొగను మనవరాలి తల చుట్టూ ఏడుసార్లు తిప్పింది. మర్నాడు మళ్ళీ నొప్పి. మళ్ళీ పేజీ, మళ్ళీ పేర్లు, మళ్ళీ పొగ.

సంగతి వీధిలో తెలిసింది. ఉమ్మ్ వాయిల్ వేడి వేడి ఫతీర్ రొట్టె పట్టుకొచ్చి, దిద్దుబాటు కోసం దరఖాస్తు పెట్టుకుంది.

"పెద్దమ్మా, నేనొచ్చింది పదింటికి. పిల్లకు నొప్పి తొమ్మిదికే మొదలైంది. నన్ను నాలుగో గడిలోంచి తీసేయించు. కావాలంటే మూడో గడిలో వేయించు, నా రొట్టె తిందని."

అప్పటినుంచి నానమ్మ ఆమె రొట్టెను కూడా గుచ్చసాగింది.

ముప్పయ్యో రోజున హనాది పుస్తకం తీసుకెళ్ళింది. ఉస్తాద్ శౌకీ వేలు తడి చేసుకుని పేజీలు లెక్కపెట్టాడు. పంతొమ్మిది. రెండో గడి చూశాడు. నొప్పి లేదు, నొప్పి లేదు, నొప్పి లేదు.

"అమ్మాయ్, ఈ పుస్తకం ప్రకారం నీకు తలనొప్పే లేదు."

"నొప్పి వచ్చిన పేజీలు పదకొండు, ఉస్తాద్. కాల్చేశారు."

"కాల్చిన పేజీలకు కాల్చినట్టు ధ్రువపత్రముండాలి. ఇదేమిటి, గడి బయట రాశావు? 'నిన్న కొట్లో పటిక అయిపోయింది.' ఇక్కడ, 'నిన్న సాంబ్రాణి తడిసింది.' ఇక్కడా, 'నిన్న పొగ లేదు.' నొప్పి లేని రోజున పటికతో నీకేం పని?"

హనాది ఆ వాక్యాలను తలకిందులుగా ఇవతలినుంచి చదివింది. నెలకు రెండుసార్లు వచ్చేది పదకొండుసార్లు ఎందుకొచ్చిందో అప్పుడర్థమైంది. పొగ లేని మర్నాడు నొప్పి లేదు.

"పొగ, ఉస్తాద్. పొగ వల్ల."

"పొగకు గడి లేదు," అంటూ ఆయన ఇంకో పుస్తకం తీశాడు. "మళ్ళీ ఒకటినుంచి మొదలుపెట్టు. ముప్పై రోజులు."

"పరీక్ష ఇంకో పదిహేను రోజుల్లో ఉంది."

"మంచిదే కదా. అది అయ్యాక వస్తే నీకూ తీరిక ఉంటుంది."

ఇంటికి వచ్చి హనాది, బుద్ధెరిగాక మొదటిసారి, పెద్దవాళ్ళ ముందు తలెత్తి ఒక వాక్యం పూర్తి చేసింది.

"నానమ్మా, దిష్టి కాదు, నువ్వు వేసే పొగ వల్లే నాకు నొప్పొస్తోంది. పరీక్ష అయ్యేదాకా మానెయ్యి."

అమ్మ చేతిలో గరిటె ఆగింది. ఇతిదాల్ అత్త చెవి మీది ముసుగు పక్కకు జరుపుకుంది. నానమ్మ మాత్రం కోప్పడలేదు. ఆమె న్యాయం తెలిసిన మనిషి.

"ఎవరి దిష్టో గానీ మాటలోకి కూడా దిగింది. పోనీలే తల్లీ, నీ మాటా చూద్దాం. ఊరికే వాదనెందుకు, పరీక్ష పెడితే పోయె."

కొత్త పుస్తకంలో మొదటి పేజీ చింపింది. సర్కారు ముద్ర సరిగ్గా బొమ్మ పొట్ట మీదికి వచ్చేలా కత్తిరించింది. కిటికీ లేని వెనక గదిలో హనాదిని కూర్చోబెట్టి, ముందు మూకుడు పెట్టి, పటిక రెట్టింపు పోసింది. అమ్మను, అత్తను బయటికి నడిపించింది. గుమ్మంలో నిలబడి గదంతా ఓసారి కలయజూసింది.

"ఇప్పుడు లోపల నువ్వు తప్ప ఎవరూ లేరు. నాలుగో గడిలో నీ పేరొక్కటే రాసుకో. ఈసారి కూడా నొప్పొచ్చిందంటే, ఇన్నాళ్ళూ దిష్టి ఎవరిదో తేలిపోతుంది," అని, పొగ వృథా పోకుండా తలుపు మూసింది.